కంప్యూటర్ ల్యాబ్‌కు అప్‌డేట్లు వస్తున్నాయా?

కాలేజీలో చేర్పించేటప్పుడు ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయని అడుగుతాం. వాటికి అప్‌డేట్లు వస్తున్నాయా అని కూడా అడగాలి.

2017 మే 12న వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. శ్రీకాకుళంతో సహా కొన్ని జిల్లాల్లో ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మన బరంపురం సిటీ ఆస్పత్రికీ ఆ దెబ్బ తగిలిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకోనివాళ్లే చిక్కుకున్నారు.

ఇప్పుడూ అదే ప్రమాదం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. అలాగని లైసెన్సు లేని కాపీ వేస్తే చట్టవిరుద్ధం, పైగా దాంతోపాటు వైరస్ కూడా రావచ్చు.

దారి లేకపోలేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా ఉచిత లినక్స్ నడుస్తోంది. పాత కంప్యూటర్లలోనూ అది పనిచేస్తుంది. లిబ్రేఆఫీస్ తెలుగు, ఒడియా రెండింటిలోనూ దొరుకుతుంది. సిలబస్‌కు విండోస్ తప్పనిసరైతే, కావలసినన్ని లైసెన్సులే కొనొచ్చు. మార్కులు, ఫీజుల వివరాలుండే ఆఫీసు నెట్‌వర్క్‌ను మాత్రం ల్యాబ్ నుంచి వేరుగా ఉంచాలి. బ్యాకప్ విడిగా దాచాలి.

పిల్లలూ, స్కాన్ చేయకుండా పెన్‌డ్రైవ్ పెట్టకండి. తల్లిదండ్రులారా, ఈసారి మీటింగులో అడగండి: అప్‌డేట్ల బాధ్యత ఎవరిది? బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తీశారు?