షెడ్డుకు తాళం వేయమని మీరే చెప్పండి

కడప జిల్లా ఎస్పీ గారికి,

గండికోట జలాశయం నీళ్లలో 2020లో మా తాళ్లప్రొద్దుటూరు మునిగింది. ఆ ఊళ్లో కొట్టాలకు తాళాలు వేసే అలవాటు తక్కువ. వచ్చిపోయేవాళ్లంతా ఎరిగినవాళ్లే. పునరావాస కాలనీకి వచ్చినా ఆ తీరు మారలేదు: రేకుల షెడ్డులో ట్రాక్టరు, పక్కన చుట్టిపెట్టిన డ్రిప్పు పైపులు, తలుపుకు ఉత్త తాడు ముడి. ‘ఇక్కడికి దొంగలెందుకొస్తారు’ అంటారు. ఇరుగుపొరుగు మీద ఆ నమ్మకం మంచిదే. అయినా ట్రాక్టరు బ్యాటరీ పోతే ఆ రోజు సేద్యం ఆగుతుంది.

అందుకే షెడ్లకు తాళాలు వేయమని మీరే చెప్పండి. ఇళ్ల సంగతికొస్తే, తాళమేసి ఊరెళ్లేవాళ్ల ఇంట్లో పోలీసులు ఉచితంగా కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. దాని గురించి కొండాపురం మండల సచివాలయాల గోడల మీద రాయించండి. రాత్రి గస్తీని కాలనీల లోపలి వీధుల్లోకీ పంపించండి.

ఇట్లు,
కొండాపురం మండల నిర్వాసిత రైతు