డ్రోనుకు మన వీధి చూపించేదెవరు?



మన హాస్టల్లో చాలామందిమి కృష్ణ ఒడ్డు ఊళ్ల పిల్లలం. పులిచింతల ప్రాజెక్టు మన బెల్లంకొండ మండలంలోనే ఉంది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున దాని 16వ నంబరు గేటు కొట్టుకుపోతే దిగువ ఊళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి. వరద మనకు పేపర్లో చదివి మరిచిపోయే వార్త కాదు. అందుకే వరదల్లో డ్రోన్ల గురించి మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ వైపు పడవలు పోలేని చోట్ల డాబాల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్లు, మందులు పంపారు. మన మిరప చేలల్లో మందు కొట్టే యంత్రం లాంటిదే ఆకలి తీర్చడానికి వచ్చింది. దీన్ని మేము మనసారా మెచ్చుకుంటున్నాం.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. డాబా ఎక్కి చెయ్యి ఊపినవాళ్లు డ్రోనుకు కనిపిస్తారు. రేకుల ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ కనిపిస్తుందా? వేడిని పసిగట్టే కెమెరా కూడా ఇంటి కప్పు లోపలికి చూడలేదు. మన పేటలు చాలావరకు ఊరి చివర, పల్లంలో ఉంటాయి. నీళ్లు ముందు వచ్చేది అక్కడికే, డాబాలు తక్కువగా ఉండేదీ అక్కడే. డ్రోను బ్యాటరీ చూస్తే అరగంట ఆగడమే కష్టం. ఆ కాస్త సమయంలో ఎటు పంపాలో నడిపేవాళ్లకు చెప్పేదెవరు?

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నారు. అక్కడికి డ్రోన్లు, కెమెరాలు, రోబోలు అన్నీ వచ్చాయి. అయినా కేరళ పోలీసు కుక్కలు వాసన పట్టిన చోట తవ్వాకే మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. ఏ యంత్రమూ ఒంటరిగా అన్నీ చూడలేదు.

పదిమంది చుట్టూ చేరి తలో మాట అరిస్తే డ్రోను నడిపేవాళ్లకు చిరాకే గదా అని కొందరు అనవచ్చు. నిజమే. అందుకే ప్రతి పేట నుంచి ఒక్కరో ఇద్దరో చాలంటున్నాం. వాళ్ల పేర్లు వానాకాలానికి ముందే మండల ఆఫీసులో ఉండాలి. నడిచి రాలేనివాళ్లు, గర్భిణులు, డాబా లేని ఇళ్లు ఎక్కడున్నాయో రాసిన కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. డ్రోను బృందం రాగానే తెర పక్కన వాళ్లను నిలబెట్టాలి.

ఇంకో మాట. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పది పాసై, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందితే పైలట్ సర్టిఫికెట్‌కు అర్హత వస్తుంది. చదువు మనకుంది, ఫీజే అడ్డం. మన అన్నయ్యలకు ఆ ఫీజు సంక్షేమ శాఖ కట్టాలని కోరుతున్నాం. పూర్వ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే ఏటా ఒక్కరినైనా పంపవచ్చు.

అంతదాకా మేము ఊరుకోం. వచ్చే వేసవి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎవరి పేట జాబితా వాళ్లం రాసుకుని వస్తాం. దానికి ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను చాలు.