పన్ను కట్టనిది బర్దోలీ ఒక్కటే కాదు

సంపాదకులకు,

గత సంచికలో వలసపాలన మీద వచ్చిన వ్యాసం 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దిగినప్పటి నుంచి 1947 దాకా చక్కగానే నడిచింది. కానీ పన్నుల నిరాకరణ దగ్గరకొచ్చేసరికి 1928 నాటి గుజరాత్‌లోని బర్దోలీ ఒక్కటే కనబడింది. మా ప్రత్తిపాడు పక్కనే ఉన్న పెదనందిపాడు ఏమైనట్టు? బర్దోలీ రైతులు గెలవడానికి ఆరేళ్ల ముందే, 1922 జనవరిలో, ఈ ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) రైతులు శిస్తు కట్టబోమని మొండికేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను నడిపారు. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. శిస్తు రాబట్టాల్సిన చేతులే లేకపోతే సర్కారు ఏం చేస్తుంది? జప్తుకు దిగింది. జప్తు చేసిన గొడ్లను వేలానికి పెడితే పాడేవాడు లేడు! పటాలాన్ని ఊళ్లమీదుగా కవాతు చేయించినా దెబ్బలాట జరగలేదు. నన్నడిగితే, అసలు ఘనత అక్కడే ఉంది.

తొందరపడవద్దని గాంధీజీ ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్యకు ముందే రాశారు. ఫిబ్రవరిలో చౌరీచౌరా హింసాకాండ తర్వాత ఉద్యమం ఆగింది, శిస్తులు కట్టేశారు. దీన్ని ఓటమి అనేవారున్నారు, నేననను. అదే నెలలో పల్నాడులో పుల్లరి (పశువుల మేతపన్ను) కట్టనన్న కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. మీ వ్యాసంలో ఆయన పేరూ లేదు. రెండో భాగం వేస్తామన్నారు గదా, అందులోనైనా మా నల్లరేగడికి ఒక పేరా కేటాయించండి.

— ఒక పాఠకుడు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా