దిగివెళ్లి చూసే దేవుడు

సొదొమ గొమొర్రా పట్టణాల మీద అగ్ని గంధకాలు కురిశాయని మనందరికీ తెలుసు. అంతకు ముందు జరిగిన సంగతిని మాత్రం మనం తొందరగా చదివి దాటేస్తుంటాం. ఆ పట్టణాలను గురించిన మొర తన దాకా వచ్చిందని, అది నిజమో కాదో తానే దిగివెళ్లి చూస్తానని దేవుడు అబ్రాహాముతో అన్నట్టు ఆదికాండం 18వ అధ్యాయం చెబుతోంది. సర్వజ్ఞుడికి దిగివెళ్లి చూడాల్సిన అవసరమేమిటి? చూడకుండా తీర్పు తీర్చకూడదన్న నియమాన్ని ఆయన ముందు తనకే పెట్టుకున్నాడు. పైగా యాభైమంది నీతిమంతులుంటే వాళ్లనూ నాశనం చేస్తావా అంటూ మొదలుపెట్టి పదిమంది దాకా బేరమాడిన అబ్రాహామును విసుక్కోకుండా విన్నాడు.

ఈ రోజుల్లో మనుషుల మీద తీర్పులు కొన్ని యంత్రాల చేతికి వెళ్తున్నాయి. కృత్రిమ మేధ అనగానే మనకు ఫోన్లో అడిగినదానికల్లా జవాబు చెప్పే వింత గుర్తుకొస్తుంది. అది పాత సినిమా పేరు తప్పు చెబితే నవ్వి ఊరుకుంటాం. అదే కంప్యూటర్ లెక్క ఒక పేదింటి బియ్యం మీద పొరపడితే నవ్వేవారెవరు?

దూరం వెళ్లనక్కర్లేదు. తెలంగాణలో 2014–2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. వాహనాలు, ఆస్తుల వంటి అనేక శాఖల రికార్డులను ఒకచోట చేర్చి, ఈ కాగితంలోని మనిషీ ఆ కాగితంలోని మనిషీ ఒక్కరేనా అని అంచనా కట్టే ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను అనర్హులను ఏరడానికి వాడారు. మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? ఒక్క పేటలోనే నలుగురు మరియమ్మలు, ముగ్గురు యేసురత్నాలు ఉంటారు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటే మరో దాంట్లో వెనక, ఇంకో దాంట్లో ఉత్త పొడి అక్షరం. పేరు కలిసిందని ఎవరి కారో మన మరియమ్మ లెక్కలో పడితే, ఆ కారును ఆమె ఎన్నడూ ఎక్కకపోయినా బియ్యం మాత్రం ఆగిపోతాయి. అలా లేని కారు ఉన్నట్టు నమోదై కార్డు పోగొట్టుకున్నవారు నిజంగానే ఉన్నారు.

విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. దిగివెళ్లి చూడమనే కదా దానర్థం! ఆ తర్వాత మొదట పరిశీలించిన సుమారు 2 లక్షల 5 వేల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. అంటే నూటికి ఏడెనిమిది. యంత్రం తయారుచేసేవారు నూటికి తొంభై రెండు సార్లు సరిగ్గానే చెప్పిందని సంతోషించవచ్చు. అబ్రాహాము అడిగింది ఆ మిగిలిన ఏడెనిమిది మంది గురించే.

మోసగాళ్లను వదిలేయమంటారా అని కొందరు అడుగుతారు. వదలమని ఎవరూ అనడం లేదు. దొంగ కార్డులను ఏరితే మిగిలేది పేదల బియ్యమే. అనుమానితుల జాబితా తయారుచేయడానికి యంత్రం మంచి పనివాడు, మనకన్నా వేగం గలవాడు కూడా. ఆ జాబితానే తీర్పుగా చెలామణీ చేయడం దగ్గరే అన్యాయం మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోనూ ఇలాగే పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేలాది తల్లిదండ్రులపై అన్యాయంగా మోసగాళ్లన్న ముద్ర వేశారు. అక్కడి కంప్యూటర్ లెక్కలో మనిషి జాతీయత కూడా అనుమానానికి ఒక కారణమైంది. చివరికి 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది.

2020 ఫిబ్రవరి 28న రోములో పోపు గారి అకాడమీ ఒకటి చొరవ తీసుకుని కృత్రిమ మేధకు నీతి నియమాలు ప్రకటించింది. పారదర్శకత, అందరినీ కలుపుకోవడం, బాధ్యత, నిష్పాక్షికత, నమ్మదగినతనం, భద్రతతో కూడిన గోప్యత అనేవి ఆ ఆరు. మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు ఆనాడే సంతకం చేశాయి. తర్వాత యూదులు, ముస్లింలు, 2024లో హిరోషిమాలో ఆసియా మతాల పెద్దలు కూడా చేరారు. మంచిదే. అయితే సంతకం సులువు. ఆ ఆరింటిలో బాధ్యత అన్నదే మనకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపిస్తోంది. లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలికి దొరికిన న్యాయాధిపతి దేవునికి భయపడనివాడు, మనుషులను లెక్కచేయనివాడు. అయినా ఆమెకు మళ్లీ మళ్లీ వెళ్లడానికి ఒక గుమ్మం ఉంది, విసుగెత్తే ఒక మనిషి ఉన్నాడు. కంప్యూటర్‌లో పేరు తీసేసిందమ్మా, మేమేం చేయలేమని కౌంటర్లో చెప్పి పంపేస్తే ఈనాటి విధవరాలు ఎవరి గుమ్మం తట్టాలి?

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద మాటలేమీ కావు. కార్డు గానీ పింఛను గానీ ఆపే ముందు కారణం తెలుగులోనో ఉర్దూలోనో రాసిన నోటీసు ఇంటికి రావాలి. దాని మీద బాధ్యుడైన అధికారి పేరుండాలి. ఆయన మనిషి వచ్చి ఇల్లు చూసి వెళ్లేదాకా బియ్యం ఆగకూడదు. ఇక మన సంఘాల్లో కంప్యూటర్ చదువులు చదివిన యువతీ యువకులకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన ముగిశాక ఒక గంట కూర్చుని, ఎవరి కార్డు ఎందుకు ఆగిందో చూసి పెట్టి, సోమవారం ఆ తల్లి వెంట తహసీల్దారు కార్యాలయానికి వెళ్లగలవాళ్లు వాళ్లలో నలుగురైనా ఉంటారు.