లెక్కలు రాసే మనిషి దగ్గరలో ఉండాలి

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రైతులు పెట్టుకున్న కంపెనీకి కూడా పన్నుల బెడద ఉండదని చాలామంది ఎఫ్‌పీఓ డైరెక్టర్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఇటీవల మా కార్యాలయానికి వచ్చిన ఐదుగురు డైరెక్టర్లదీ అదే నమ్మకం. ఎరువులు, విత్తనాలు అమ్మారు, సభ్యుల కందులు కొని అమ్మారు. ఒక్క రూపాయి పక్కదారి పట్టలేదు. కానీ ఎరువుల అమ్మకంలో మిగిలిన లాభం వ్యవసాయ ఆదాయం కాదని వారికి చెప్పినవారు లేరు. కంపెనీల రిజిస్ట్రారుకు రెండేళ్లుగా వార్షిక పత్రాలు వెళ్లలేదు. ఆలస్యానికి ఒక్కో పత్రంపై రోజుకు 100 రూపాయలు, గరిష్ఠ పరిమితి లేదు. ఆర్థిక నివేదిక, వార్షిక రిటర్ను రెండూ కలిపితే ఏడాదికి 73,000. అదంతా సభ్యుల వాటా ధనంలోంచే పోవాలి. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే ఆ డైరెక్టర్లు ఐదేళ్లపాటు పదవికి అనర్హులవుతారు. (మ్యాక్స్ చట్టం కింద నమోదైన సంఘాల నిబంధనలు వేరు.)

తప్పు వారిదేనని మేము అనలేం. 2020లో కేంద్రం తెచ్చిన 10,000 ఎఫ్‌పీఓల పథకంలో నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల వరకు సాయం ఉంది. అకౌంటెంటు జీతానికి నెలకు 10,000 వరకు అందులోంచే వస్తుంది. సంస్థ వ్యాపారం నిలదొక్కుకునే వేళకు ఆ సాయం ఆగిపోతుంది, అకౌంటెంటు వెళ్లిపోతాడు. ఆ తర్వాత బిల్లులన్నీ సంచిలో వేసుకుని ఏడాదికోసారి పట్నం పరుగెత్తడమే. హమాలీ కూలికి ఓచరు ఏదని అక్కడ అడిగితే ఎవరు చెప్పగలరు?

అందుకే మండలంలోనే ఒక బీకాం చదివిన అబ్బాయినో అమ్మాయినో చూసుకోమంటున్నాం. కాటా చీటీ, తరుగు, గోనె సంచుల లెక్క తెలిసినవారైతే మరీ మంచిది. ట్యాలీ నెలరోజుల్లో నేర్చుకోవచ్చు. ఒక సంస్థకు జీతం భారమైతే పక్కపక్క మండలాల రెండు మూడు సంస్థలు కలిసి పెట్టుకోవచ్చు. ప్రతి నెలా బ్యాంకు ఖాతాతో పుస్తకాన్ని సరిచూసి బోర్డు ముందు పెట్టాలి. జీఎస్టీ నమోదు ఉంటే, అమ్మకాలు లేని కాలానికీ రిటర్ను వేయాల్సిందే.

ఆడిట్ చేసే సీఏ వేరేవారై ఉండాలి. ఆడిటరే పుస్తకాలు రాయడాన్ని కంపెనీల చట్టం నిషేధించింది. ఖర్చు కలిసొస్తుందని రెండు పనులూ ఒకరికే ఇస్తున్న సంస్థలు ఈ సంగతి గమనించాలి. సీఏ సంతకం చేసిన పత్రంపై 18 అంకెల యూడీఐఎన్ ఉంటుంది. అది అసలైనదో కాదో సీఏల సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఫీజు ఎంతో, అందులో ఏయే పనులు వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఇంకొక మాట. డైరెక్టర్ల డిజిటల్ సంతకం ఉన్న టోకెన్‌ను అకౌంటెంటు దగ్గర వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇస్తామా? ఇదీ అంతే. టోకెన్, పాస్‌వర్డులు డైరెక్టర్ల చేతిలోనే ఉండాలి.

అకౌంటెంటు జీతానికి సాయాన్ని మూడేళ్లతో ఆపకుండా మరికొంత కాలం పొడిగించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఈలోగా వార్షిక పత్రాలు బకాయి ఉన్న సంస్థలు వచ్చే నెల జిల్లా సమావేశానికి తమ పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకురావాలి. కలిసి కూర్చుని చూద్దాం.