నేర్చుట – నిలుపుట

భద్రాచలమునందలి నా చెల్లెలి కొమార్తె హైదరాబాదు అమీరుపేటలో జావా భాషకుఁ జెందిన ‘స్ప్రింగ్’ ఫ్రేమ్‌వర్కును నేర్చినది. సంస్థల వెబ్ అప్లికేషన్లకది చట్రము; 2004లో 1.0 కూర్పు వెలువడినది. వంటవానికి నీరు, వంటచెఱకు ఇల్లాలు సమకూర్చునట్లు, ప్రతిభాగమునకుఁ గావలసినవానిని ఆ చట్రమే యందించును.

2022లో వచ్చిన ఆఱవ కూర్పునకు జావా 17 కావలెను. పాత అప్లికేషన్లలోని ‘జావాక్స్’ నామములఁ బెక్కింటిని ‘జకార్తా’గా మార్పవలసివచ్చినది. అట్టి దిద్దుబాటే మా పిల్ల కొలువు.

“క్రొత్తది వ్రాయక పాతది దిద్దుటయా?” యని బంధువులు చులకన చేయఁగా, కొలువు మానెదనన్నది. నేను వారించితిని. ఇల్లు కట్టుట కొన్నాళ్ల పని. అలికి నిలుపుట యనుదినపు పని. దాని విలువ మనకుఁ దెలియదా?