నిరోధకం చెప్పేదెంత, మనం చెప్పించేదెంత

మాంసకృత్తుల సంశ్లేషణను అడ్డుకునే రసాయనాల పట్టిక వ్యవసాయ కళాశాలలో జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ కంఠస్థమే. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ బాక్టీరియాలోని 70ఎస్ రైబోసోములపై పనిచేస్తాయి. సైక్లోహెక్సిమైడ్ మొక్కలు, శిలీంధ్రాలు, జంతువుల కణద్రవ్యంలోని 80ఎస్ రైబోసోములపై పనిచేస్తుంది. ప్యూరోమైసిన్ రెండింటినీ వదలదు. ఇంతవరకు రాస్తే మార్కులు వస్తాయి. ఆ రసాయనాన్ని ప్రయోగంలో వాడినపుడు వచ్చిన ఫలితం దేనికి రుజువవుతుంది, దేనికి కాదు అనే ప్రశ్న మాత్రం తరగతిలో గాని, పరీక్షలో గాని అరుదుగా వినిపిస్తుంది. ఈ లోటు సిద్ధాంత గ్రంథాల దాకా వస్తుందని నా అభిప్రాయం.

తరచుగా కనిపించే వాదన ఇది: సైక్లోహెక్సిమైడ్ ఇచ్చిన మొలకలలో ఫలానా ఎంజైము చర్య పెరగలేదు, కనుక ఆ ఎంజైము కొత్తగా తయారవుతున్నది. ఈ 'కనుక' అంత సులభమైనది కాదు. ఎంజైము విత్తనంలో నిద్రాణ రూపంలో ముందే ఉండి, దానిని మేల్కొలిపే మరొక మాంసకృత్తు మాత్రమే కొత్తగా తయారుకావలసి ఉండవచ్చు. నిరోధకం ఆ రెండవదానిని ఆపినా ఫలితం అదే. లేదా మందు తాకిడికి కణమే అస్వస్థమై ఉండవచ్చు.

బార్లీ గింజ కథ ఈ విషయంలో చెప్పుకోదగినది. జిబ్బరెల్లిక్ ఆమ్లం తగిలినపుడు గింజలోని అల్యురోన్ పొర నుంచి ఆల్ఫా అమైలేజ్ వెలువడి పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తుంది. నిరోధకాలు ఇస్తే ఈ పని ఆగిపోతుంది. అయినా ఎంజైము కొత్తదా, దాచి ఉంచినదా అనే సందేహం మిగిలింది. 1967లో ఫిల్నర్, వార్నర్ దీనిని తేల్చిన పద్ధతి విద్యార్థులందరూ చదవవలసినది. వారు సాధారణ నీటికి బదులు బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని వాడారు. నిల్వ మాంసకృత్తులు విచ్ఛిన్నమయ్యేటపుడు తెగిన ప్రతి బంధం వద్ద నీటిలోని ఆక్సిజన్ అమైనో ఆమ్లంలో చేరుతుంది. ఆ అమైనో ఆమ్లాలతో కట్టిన ఎంజైము సాంద్రత పెరగాలి. ముందే ఉన్న ఎంజైమైతే మారకూడదు. సీసియం క్లోరైడ్ సాంద్రతా ప్రవణతలో అపకేంద్రీకరణం చేసి చూస్తే, ఎంజైము చర్య దాదాపు మొత్తం బరువైన వైపు జరిగింది. ఈ తర్కానికి కణంలోని ఏ క్రియనూ ఆపవలసిన పని లేదు. అందుకే దానికి అంత బలం.

నిరోధకాల నిర్దిష్టతపై హెచ్చరికలు కూడా ఆ కాలం నాటివే. 1969లో మెక్‌డొనాల్డ్, ఎల్లిస్ ప్రచురించిన పత్రం శీర్షికే ఒక ప్రశ్న: మొక్కల కణజాలంలో సైక్లోహెక్సిమైడ్ ఆపేది మాంసకృత్తుల సంశ్లేషణను మాత్రమేనా? శ్వాసక్రియ, లవణాల గ్రహణం కూడా దానివల్ల మారుతున్నాయని వారు చూపారు. క్లోరాంఫెనికాల్ విషయంలో ఎల్లిస్ మరింత చక్కని మార్గం చూపారు. ఈ అణువుకు నాలుగు ఐసోమర్లున్నాయి. వాటిలో డి-త్రియో రూపం ఒక్కటే హరితరేణువుల రైబోసోములను అడ్డుకుంటుంది. కాని లవణాల గ్రహణాన్ని మిగిలిన రూపాలు కూడా తగ్గిస్తాయి. అంటే, పనిచేయని ఐసోమర్‌తోనూ అదే ఫలితం వస్తే దానిని మాంసకృత్తుల సంశ్లేషణకు ముడిపెట్టరాదు.

కాబట్టి నిరోధకంతో ప్రయోగం చేసిన విద్యార్థిని సలహా సంఘం కొన్ని ప్రశ్నలు అడగాలి. అదే కణజాలంలో, అదే మోతాదులో, అమైనో ఆమ్లాలు మాంసకృత్తులలో చేరడం ఎంత తగ్గిందో కొలిచావా? శ్వాసక్రియను చూశావా? మందును కడిగివేస్తే చర్య తిరిగి వచ్చిందా? వేరొక విధంగా పనిచేసే నిరోధకమూ అదే చెప్పిందా? రేడియోధార్మిక పదార్థాలు వాడే వసతి మన ప్రయోగశాలలన్నింటిలో లేదనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే వసతి లేనపుడు తగ్గించుకోవలసింది ముగింపులోని ధీమాను.

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితం కాదు. ఇవే అణువులు పొలంలోనూ ఉన్నాయి. అగ్గి తెగులుపై వాడే కాసుగామైసిన్ మాంసకృత్తుల సంశ్లేషణ ఆరంభాన్ని అడ్డుకునేదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలో, బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు. ఆయన వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్త అని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

వరిలో ఆకులు కొసల నుంచి ఎండుతుంటే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన మందు చల్లిస్తాం. వారానికి తెగులు నిలిచిపోతే అది బాక్టీరియా ఎండాకు తెగులేనని నిర్ధారిస్తాం. పైన చెప్పిన 'కనుక' ఇక్కడ మళ్లీ వచ్చింది. ఆ వారంలో వాన వెలిసి ఉండవచ్చు, రైతు నత్రజని వేయడం ఆపి ఉండవచ్చు, కొసలు ఎండటానికి పొటాష్ లోపమే కారణమై ఉండవచ్చు. మందు చల్లని మడి పక్కన లేనిదే ఏదీ తేలదు. పైగా ఈ మందులు మనుషుల వైద్యానికీ అవసరమైనవి. వాటికి లొంగని బాక్టీరియా పెరుగుతుందనే ఆందోళనతోనే 2021 డిసెంబరు నాటి కేంద్ర ముసాయిదా ఉత్తర్వు, పంటలపై వీటి వాడకాన్ని 2024 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించాలని ప్రతిపాదించింది.

పొలంలో ఆక్సిజన్-18 అక్కరలేదు. తెగులు సోకిన ఆకును మచ్చ అంచు వద్ద కత్తిరించి, గాజు గ్లాసులోని శుభ్రమైన నీటిలో నిలిపి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. బాక్టీరియా ఉంటే కొద్ది నిమిషాలలో కోసిన చోటు నుంచి తెల్లని ధార కిందికి జారుతుంది. మందు చీటీ రాయడానికి ముందు విస్తరణ శాస్త్రవేత్త ఈ పరీక్షను రైతు ఎదుటే చేయాలి.